ఆటబండ్లకు బాటలు

దసరాకు ముందు ఇల్లు దులుపుట మన యిండ్లలో నున్న వాడుకయే గదా. క్రిందటి యేడు సిద్దిపేటలోని మా యింట నట్లే దులుపుచు, సజ్జమీద దుమ్ముపట్టియున్న పాత కంప్యూటరును పాత సామాను కొనువానికి తూచి యిచ్చివేసితిమి. వచ్చిన సొమ్ముతో బతుకమ్మకు పూలు కొంటిమని చెప్పుటకిప్పుడు సిగ్గగుచున్నది. పండుగకు వచ్చిన మా చెల్లెలి కుమారుడు సజ్జ చూచి దిగివచ్చి, "పెద్దమ్మా, అండ్ల నా ట్రాక్ ఉండె గదనే" అని మాత్రమనెను. ఆ పూట వాడన్నము సరిగా తినలేదు.

ఆ పిల్లవాడును వాని చెల్లెలును ఇక్కడ చదువుకొనునపుడు మా యింటనే యుండిరి. ఆ కంప్యూటరు ముందు వాడు కూర్చున్నంతనే "ఎప్పుడు చూచినను ఆటలేనా" అని కసరినది మేమే. కావున ఆట పోయినచో మఱియొకటి తెచ్చుకొనవచ్చునని ఊరడింపబోయితిమి. పోయినది ఆట కాదు, తాను చేసిన బాట యని వాడు చెప్పగా, అదేమో తెలిసికొనవలెనని వానియొద్ద కూర్చుంటిమి. సోదరీమణులారా, మీ యిండ్లలోను ఇట్టి పిల్లలుందురు గనుక ఈ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాము.

ఆ యాట పేరు రీవోల్ట్. 1999 లో అక్లెయిమ్ అను సంస్థ దానిని వెలువరించినది. ఇందు పందెమాడునవి పెద్ద మోటారుకార్లు కావు; పిల్లలు రేడియోతో నడుపు బొమ్మకార్లు. అందుచేత అవి పరుగెత్తు చోట్లును మనుష్యులు తిరుగు చోట్లే: ఇండ్లముందరి వీధి, సూపర్ మార్కెట్టు, మ్యూజియము, తోట, ఒక పెద్ద ఓడ. కారు జానెడు గనుక సరుకుల అలమార దానికి కోటగోడవలె నుండును; కాలిబాట అంచు గుట్ట యగును. మన వంటింటి గడప దానికెంత యెత్తో యని మేము చాలసేపు ఆలోచించితిమి. పిల్లవాడు నవ్వెను.

ఈ యాటతోపాటే బాటలు కూర్చుకొను పనిముట్టొకటి యిచ్చిరి. తిన్నని ముక్క, వంకర ముక్క, ఎత్తు ముక్క, వంతెన ముక్క, వీనిని పచ్చీసు గళ్ళవంటి గళ్ళపై ఒకదాని ప్రక్క నొకటి పేర్చినచో క్రొత్త బాట యేర్పడును. ఆడువారే బాట వేసికొను పద్ధతి అంతకుముందును కలదు. 1984 లో జపానునందు నింటెండో సంస్థ వెలువరించిన ఎక్సైట్‌బైక్ అను మోటారుసైకిలు పందెములో దిబ్బలను గుంటలను ఇష్టమువచ్చిన వరుసలో పెట్టుకొనవచ్చును. అట్లు చేసినదానిని క్యాసెట్టు టేపుపై దాచుకొను యంత్రమును జపానులో అమ్మిరి. అది యితర దేశములకు రాలేదు. అమెరికాలోని పిల్లలకు దాచుము, తీయుము అను మాటలు తెఱపై కనబడుచుండెను గాని, నొక్కినచో పని జరుగకుండెను. మీట ఆర్పినంతనే బాట పోవుచుండెను. మనము వాకిట వేసిన ముగ్గు సాయంకాలము వఱకైన నుండును.

రీవోల్ట్ ముక్కలతో తృప్తిపడనివారు మొదటినుండి తామే సమస్తము చేయుదురు. దీనికి బ్లెండరు అను పనిముట్టు ఉచితముగా దొరకును. మా పిల్లవాడు చేయబూనినది మన కోమటి చెఱువు కట్ట. సెలవురోజున ప్రొద్దుటనే పోయి రాళ్ళకును కమ్ములకును ఫోటోలు తీసి, అడుగులతో దూరము కొలిచి వచ్చుచుండెను. ఊరకే తిరుగుచున్నాడని మేము వాని తల్లికి ఫోనులో చెప్పియుంటిమి.

పని యెట్లనగా, ముందు కట్ట ఆకారమును కంప్యూటరులో నిలుపవలెను. అది యప్పటికి బొమ్మలేని మట్టిముద్దవలె నుండును. దానిపై రాతి బొమ్మ, గడ్డి బొమ్మ అతికింపవలెనన్నచో ఆకారమును విప్పి చదునుగా పఱచి, ఏ భాగమున కే బొమ్మ వచ్చునో చూచుకొనవలెను. రవిక కత్తిరించువారికీ మాట వెంటనే తెలియును. చంక దగ్గఱ గుడ్డ ముడుతపడినట్లే, విప్పుటలో తప్పినచో గోడమీద రాళ్ళు సాగిపోయి కనబడును.

ఇంతమాత్రముచేత బాట కాదు. కంటికి కనబడు గోడ వేఱు, కారును ఆపు గోడ వేఱు! రెండవదానిని ప్రత్యేకముగా చేయవలెను. మఱచినచో కారు గోడలోనుండి దూరి చెఱువులో పడును. తరువాత బాట పొడవునను కనబడని గదులు వరుసగా పెట్టవలెను. కారు వానినన్నిటిని క్రమముగా దాటినప్పుడే ఒక చుట్టు పూర్తియైనట్లు ఆటకు తెలియును. లేనిచో అడ్డదారిని వచ్చిన టక్కరియు గెలుచును. పిమ్మట కంప్యూటరు తానే నడుపు కార్లకు దారి చూపు గీతను గీయవలెను. అన్నిటికంటె తిప్పలు పెట్టినది ఇదేనట. మలుపుకడ గీత గోడకు కొంచెము దగ్గఱైనచో వెనుక వచ్చు బండ్లన్నియు ఒకదానిపై నొకటి పడి, తిరునాళ్ళలో ద్వారముకడ జనమువలె నిలిచిపోవును. వ్రేలాడు వంతెన దిగుచోట మలుపునకు వాడు పదునైదు దినములు పాటుపడెను. గీత కొంచెము జరుపుట, బండ్లను వదలిచూచుట, మరల జరుపుట. ఆ మలుపు కుదురలేదనియే తన బాట నెవరికిని పంపక యింటనే యుంచుకొనెను. నకలు లేకపోవుటకదియే కారణము.

ఇదంతయు ఆటయా, పనియా? మాకు తోచినంతవఱకు, ఆడుట ఒకటి, ఆడుటకు చోటు చేయుట మఱియొకటి. మొదటిదానిలో నొకరు చేసిన బాటపై మనము పోవుదుము. రెండవదానిలో ఇతరు లెక్కడ తొట్రుపడుదురో ముందే తలచుకొనవలెను. బయటినుండి చూచువారికి రెండును ఒక్కటే, వంగిన మెడయు వెలుగుచున్న తెఱయు. చదువు చెడునను భయము మాకును కలదు. రాత్రి రెండు గంటలవఱకు మేలుకొని గోడలు కట్టుమని మేమనము. కాని ప్రక్కన పదినిమిషములు కూర్చుండి "ఏది, చూపుము" అనియుండినచో ఆ పెట్టె సజ్జ దిగి తక్కెడ యెక్కియుండదు.

అక్లెయిమ్ సంస్థ 2004 లో దివాలా తీసినది. అంతటితో ఆ యాటను వెలువరించిన సంస్థయే లేకపోయెను. క్రొత్త కంప్యూటర్లపై అది సరిగా నడవకపోయెను. అప్పుడు దానిపై ప్రేమగల కొందఱు, జీతము బత్తెము లేకయే, ఆటను నడపు యంత్రాంగమును తిరుగ వ్రాసిరి. ఆర్‌విజిఎల్ అని దాని పేరు. విండోస్‌పైనను లినక్సుపైనను ఆండ్రాయిడ్ ఫోనుపైనను నడచును. నానాదేశములవారు చేసిన బాటలు వందలకొలదిగా దీనికి దొరకును, వెల లేదు. 2022 లో రీవోల్ట్ మరల అమ్మకమునకు వచ్చినది. నడిమి యేండ్లలో దానిని బ్రతికించి యుంచినవారిలో వీరు ముఖ్యులు.

వీరి మర్యాద యొకటి మాకు నచ్చినది. బాటతోపాటు చిన్న చీటివంటి వ్రాతయొకటి పంపుదురు. బాట యెవరు చేసిరో, బొమ్మ లెవరియొద్ద తీసికొనిరో, పరీక్షించి తప్పులు చెప్పినదెవరో అందు వ్రాయుదురు. మన యిండ్లలో ఆవకాయకు కాయ తఱిగినదెవరో, కారము దంచినదెవరో ఎవరు వ్రాసిపెట్టిరి? ఇక జాగ్రత్త విషయమొక్కటి: మూలమైన ఆట యింకొకరి సొత్తు గనుక దానిని కొనియే వాడవలెను, ఊరుపేరు లేని చోటనుండి దించుకొన్న ఫైళ్ళతో కంప్యూటరునకు చీడ పట్టవచ్చును.

ఆ చీటి సంగతి వినుచు, "నీ చీటిలో ఏమి వ్రాసియుంటివి?" అని పిల్లవాని నడిగితిమి. "బాట నాది, బొమ్మలు చెల్లెవి" అనెను. కట్టవెంబడి నిలుచున్న బతుకమ్మ ఆడువారిని, ముంతకింది పప్పు అమ్మునామెను, మెట్లమీది కొంగలను కాగితముపై రంగులతో వేసి ఫోటోలు తీసి యిచ్చినది ఆ పిల్లయట. ఆమె ఆ ప్రక్కగదిలోనే పూలు తెంపుచుండెను. అన్న యన్నము తినలేదని ఇంటిల్లిపాదిమి కలవరపడితిమి. ఆమె తిన్నదో లేదో మాకు జ్ఞాపకములేదు. కంప్యూటరనగా అన్నదనియు వంటిల్లనగా చెల్లెలిదనియు మేమే పంచిపెట్టియుంటిమి గనుక, ఆమె యేమి పోగొట్టుకొన్నదో అడుగవలెనని ఎవరికిని తోచలేదు.

సంక్రాంతి సెలవులలో ఇద్దఱును మా యింటనే మరల మొదలుపెట్టిరి. ఈసారి బ్లెండరు ముందు కూర్చున్నది చెల్లెలు. రవిక కత్తిరింపు ఆమెకు మేము నేర్పినదే గనుక రాళ్ళు సాగిపోకుండ అతికించుట అన్నకంటె త్వరగా పట్టుకొన్నది. బాట సగమైనది. వంతెన దిగుచోట బండ్లింకను నీళ్ళలో పడుచున్నవి. ప్రతి ఆదివారమును దాని నకలు పెన్‌డ్రైవులో మా బీరువాలో చేరుచున్నది. బీరువా తాళపుచెవి పిల్లదగ్గఱనే యున్నది.