పెండతో పొయ్యి, చెత్తతో కరెంటు – ఎవరికి లాభం?



సిలిండర్ అయిపోయిందంటే ఇంట్లో ముందుగా గాభరా పడేది ఎవరు? మనమే కదా! డబ్బులున్నాయా, అది వచ్చేదాకా దేనిమీద వండాలి అన్న లెక్కలన్నీ మన నెత్తినే. అందుకే ఈ వారం గోబర్ గ్యాస్ సంగతి. "చెత్తతో గ్యాసేగాక కరెంటు కూడా వస్తదట, నిజమేనా?" అని మా హత్నూరలో వదినలు, చెల్లెళ్ళు అడుగుతుంటారు. నిజమే. కాకపోతే ఎంత చెత్తకు ఎంత వస్తుందో తెలుసుకుని ఆశపడాలి.

మనకు దగ్గరలో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఉంది. అక్కడ మెత్తబడ్డ టమాటాలు, క్యాబేజీ ఆకులు కలిపి రోజుకు 10 టన్నుల దాకా చెత్త. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతిలో కట్టిన ప్లాంటు ఆ చెత్తతో రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు ఇస్తుందని లెక్క చెప్పారు. కరెంటు మార్కెట్ దీపాలకు, దుకాణాలకు. గ్యాసు క్యాంటీన్ పొయ్యికి. 2021 జనవరి 31న ప్రధానమంత్రి రేడియోలో కూడా ఈ మార్కెట్ గురించి చెప్పారు.

ఇప్పుడు మన వంటింటి లెక్క చూద్దాం. 10 టన్నులకు 500 యూనిట్లంటే 20 కిలోల చెత్తకు ఒక్క యూనిట్. రోజుకు మనింట్లో వచ్చే కిలో తొక్కలతో తొమ్మిది వాట్ల బల్బు అయిదు గంటలు వెలుగుతుంది, అంతే! మిక్సీ, టీవీ మరిచిపోండి. పైగా గ్యాసుతో ఇంజను తిప్పితే సగానికి పైగా వేడిగానే పోతుంది. కాబట్టి కరెంటు ఆశ మార్కెట్లకు, పెద్ద హాస్టళ్ళకు వదిలేసి మనం పొయ్యి మీదికే వాడుకుందాం.

గాలి చొరబడని తొట్టిలో సూక్ష్మజీవులు పేడను (మా వైపు పెండ అంటాం) తిని మీథేన్ అనే మండే గ్యాసును వదులుతాయి. నలుగురైదుగురున్న ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు చాలు. దానికి రోజూ 50 కిలోల పెండ, అంతే నీళ్ళు కావాలి. అంటే కట్టేసి మేపే పశువులు నాలుగైనా ఉండాలి. సరిగ్గా నడిస్తే 16, 17 రోజులకు ఒక సిలిండరంత గ్యాసు. ఇటుకలతో భూమిలో కట్టే దీనబంధు రకం 1984లో వచ్చింది. ఇనుప డ్రమ్ము ఉండదు గనుక తుప్పు బెడద లేదు.

మరి ఆ పెండ ఎత్తేదెవరు? నీళ్ళు మోసి కలిపేదెవరు? మగవాళ్ళు కంపెనీ షిఫ్టుకు పోతే అదీ మన పనే. గుంత తవ్వకముందే ఈ మాట ఇంట్లో తేల్చుకోండి. 1981-82లో జాతీయ పథకం మొదలయ్యాక చాలా ఊళ్ళలో ప్లాంట్లు కట్టారు. పశువులను అమ్మేశాక మూలబడ్డవి మా వైపూ ఉన్నాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. కట్టెలు ఏరుకొచ్చి పొగలో కళ్ళు నలుపుకుంటూ వండే అక్కకు ఈ చాకిరీ బరువనిపించదు. నా మటుకు నేను, కట్టెల పొయ్యి ఉండి నాలుగు పశువులున్న ఇంటికి పెట్టించుకొమ్మనే చెబుతాను.

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం సన్నగా చేసి కొద్దికొద్దిగా పెండలో కలపవచ్చు. ఒకేసారి ఎక్కువ వేశారో, లోపల దోసెపిండిలా పులిసి గ్యాసు ఆగిపోతుంది. నిమ్మ, బత్తాయి తొక్కలు తగ్గించండి. సబ్బు నీళ్ళు, ఫినాయిల్ అసలు పోయకండి, ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మామూలు సిలిండర్ స్టవ్ దీనికి పనికిరాదు, గోబర్ గ్యాస్ బర్నర్ వేరే ఉంటుంది.

ఇంకొక మాట, మీ ఇంట్లో అందరికీ చెప్పండి. తొట్టి బాగు చేయాలని ఎవర్నీ లోపలికి దిగనివ్వకండి. అందులో గాలి ఉండదు, విషవాయువు ఉంటుంది. ఒకరు పడితే కాపాడబోయినవాళ్ళూ పోతారు. గ్యాసు లీకయిందేమోనని అగ్గిపుల్ల గీసి చూడొద్దు, సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ఒక్క బర్రె మాత్రమే ఉన్నవాళ్ళు ఈ ఖర్చు పెట్టుకోకండి. పెండ, తొక్కలు కలిపి ఎరువు గుంతలో వేసుకోండి. ప్లాంటు ఉన్నవాళ్ళు మాత్రం బయటికొచ్చే స్లర్రీని పారబోయకండి. నీళ్ళు కలిపి బీర పాదుకు, సొర పాదుకు పోయండి.