ఆయాసం వచ్చేదాకా ఆగాలా?

హైదరాబాద్ తార్నాకలో స్థిరపడిన ఓ రిటైర్డ్ ప్రొఫెసర్ గారి చేతికి ఎకో రిపోర్టు వచ్చిందనుకుందాం. వయసు 68. బృహద్ధమని వాల్వు గట్టిపడి సన్నబడింది. మూడు నాలుగు చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవాల్సిన దారి 0.8 దగ్గర ఆగిపోయింది. రక్తం అందులోంచి సెకనుకు 4.3 మీటర్ల వేగంతో దూసుకుపోతోంది. నాలుగు దాటితేనే తీవ్రమని లెక్క. ఇంట్లోవాళ్లకు ఇవేవీ ఎక్కవు. వాళ్లడిగేది ఒక్కటే: 'పంపింగ్ ఎంతుంది డాక్టర్?' గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి వెళ్లే వాటా అది, అరవై శాతం. అమ్మయ్య అనుకుంటారు. యూనివర్సిటీ నీడన బతికిన కుటుంబానికి అరవై అంటే ఫస్ట్ క్లాసే మరి.

ఆయనకు ఆయాసం లేదు, ఛాతీ నొప్పి లేదు, ఎప్పుడూ కళ్లు తిరగలేదు. వాల్వు ఇప్పుడే మార్పించుకోవాలా, ఇబ్బంది మొదలయ్యేదాకా ఆగాలా? గుండె వైద్యులు దీని మీద దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

ఆగమనేవాళ్లది పాత వాదమే కానీ బలమైనది. 1968లో అమెరికా వైద్యులు రాస్, బ్రాన్‌వాల్డ్ ఈ జబ్బు నడకను ఒక గ్రాఫ్‌గా గీశారు. లక్షణాలు లేనన్నాళ్లూ రోగి ఏళ్ల తరబడి బాగానే ఉంటాడు. అవి కనిపించాక మాత్రం గీత నిట్టనిలువుగా పడిపోతుంది. వాల్వు మార్చకపోతే ఛాతీ నొప్పి మొదలైనవాళ్లకు సగటున ఐదేళ్లు, స్పృహ తప్పినవాళ్లకు మూడేళ్లు, గుండె చేతులెత్తేసి ఆయాసం వచ్చినవాళ్లకు రెండేళ్లు. లక్షణాలు లేనివాళ్లలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఏడాదికి ఒక శాతం అటూ ఇటూ. ఆపరేషన్ ప్రమాదమూ దాదాపు అంతే ఉంటే ముందే కత్తి పట్టడం దేనికి? పైగా ఏ కొత్త వాల్వూ పుట్టుకతో వచ్చినదానికి సాటి రాదు. లోహపు వాల్వు పెడితే జన్మంతా రక్తం గడ్డకట్టకుండా మాత్ర మింగాలి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష పదే పదే చేయించుకోవాలి. జంతు కణజాలంతో చేసినదైతే పది పదిహేనేళ్లకు అరుగుతుంది.

ముందే చేయించుకోమనేవాళ్లు ఆ అరవై శాతాన్నే అనుమానిస్తారు. సన్నబడిన దారిలోంచి రక్తాన్ని నెట్టడానికి ఎడమ జఠరిక గోడ దళసరెక్కుతుంది. గోడ మందమై లోపలి గది చిన్నదైతే, బయటికి వెళ్లే రక్తం తగ్గినా శాతం మాత్రం చక్కగానే కనిపిస్తుంది. ఈలోగా కండరంలో మచ్చలు పడతాయి. వాల్వు మార్చాక దళసరితనం తగ్గొచ్చు గానీ పడిన మచ్చ పోదు. పంపింగ్ యాభైకి దిగితే లక్షణాలు లేకున్నా ఆపరేషన్ చేయాలని మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. యాభైకి దిగిందంటే అప్పటికే ఆలస్యమైందని వీళ్ల మాట.

వీళ్ల చేతికి ఈమధ్య ఆధారాలూ దొరికాయి. 2020లో వెలువడిన కొరియా అధ్యయనంలో వాల్వు అతి తీవ్రంగా సన్నబడిన 145 మందిని రెండు జట్లుగా చేశారు. ఆపరేషన్ వల్లో గుండె కారణంగానో చనిపోయినవారు ముందే చేయించుకున్న జట్టులో ఒక శాతం, ఆగినవారిలో 15 శాతం. తొడ దగ్గరి ధమనిలోంచి గొట్టం పంపి వాల్వు అమర్చే ట్యావీ పద్ధతితో అమెరికా, కెనడాల్లో 65 దాటిన 901 మందిపై జరిగిన అధ్యయనం 2024లో వచ్చింది. మరణం, పక్షవాతం, అనుకోకుండా ఆసుపత్రి పాలవడం, ఈ మూడూ కలిపితే ముందే చేయించుకున్నవారిలో 26.8 శాతం, ఆగినవారిలో 45.3 శాతం.

ఈ అంకెను చూసి తొందరపడక్కర్లేదు. మరణాలు మాత్రమే తీసుకుంటే 8.4కీ 9.2కీ పెద్ద తేడా లేదు. తేడా ఎక్కువగా ఆసుపత్రిలో చేరడంలోనే వచ్చింది. ఖర్చు పెట్టింది వాల్వు తయారుచేసే కంపెనీ. నన్ను కదిలించిన అంకె వేరే: ఆగినవారిలో 87 శాతం మంది చివరికి వాల్వు మార్పించుకున్నారు, అదీ నాలుగేళ్లు తిరక్కుండానే. అంటే చాలామందికి ఆగడమన్నది చిన్న వాయిదా.

అసలు చిక్కు 'లక్షణాలు లేవు' అన్న మాటలోనే ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచేవాళ్లను గమనించండి. నిరుడు తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి ఆగకుండా వెనక్కి వచ్చిన పెద్దాయన ఇప్పుడు సగం దారిలో గట్టు మీద కూర్చుని పేపరు తిప్పుతుంటాడు. అడిగితే మోకాళ్ల మీదికి నెడతాడు. అబద్ధమాడటం లేదు, ఆయాసం రాకుండా బతకడం తెలియకుండానే నేర్చుకున్నాడు. అందుకే డాక్టరు పక్కనుండగా ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూడాలి. లక్షణాలు లేవని చెప్పినవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మంది అక్కడ బయటపడతారు. (లక్షణాలు ఉన్నవాళ్లను మాత్రం ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు, ప్రమాదం.)

తార్నాకలోనే ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. నలభై అయిదేళ్ల బస్సు డ్రైవరుకు పుట్టుకతోనే మూడు రెక్కల బదులు రెండు రెక్కల వాల్వు ఉండి ఇలాగే సన్నబడిందనుకుందాం. కళ్లు తిరిగాయని చెబితే స్టీరింగ్ దిగాలి, కాబట్టి చెప్పడు. అతని వెనక బస్సు నిండా జనం. ట్యావీ అధ్యయనం లెక్కలు 65 దాటినవాళ్లవి, అతనికి పనికిరావు. కొరియా అధ్యయనం కొంత దగ్గర, అందులో రెండు రెక్కల వాల్వువాళ్లే ఎక్కువ. ఈ వయసులో లోహపు వాల్వు, జీవితకాలం మాత్రలు తప్పకపోవచ్చు. అయినా అతని విషయంలో నేను ఆగమనను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఇలాంటి వాల్వు ఆపరేషన్ తెల్లకార్డు ఇళ్లకూ అందింది, ఖర్చు ఒక్కటే అడ్డని ఇప్పుడు అనలేం.

ప్రొఫెసర్ గారి విషయంలో ముందే చేయించుకోవడం వైపు నా మొగ్గు స్వల్పమే. ట్యావీకి లక్షలవుతాయి. ట్రెడ్‌మిల్‌పై బీపీ నిలబడి, ఆరు నెలలకోసారి ఎకోకు తప్పకుండా వస్తానంటే ఆగడం తప్పు కాదు. కానీ 'బాగానే ఉన్నాను కదా' అని రెండో ఎకోకే ఎగ్గొట్టే మనిషైతే ఆయనకు ఆ వెసులుబాటు లేదు, ఇప్పుడే చేయించుకోవాలి.

అరవై చూసి ధీమా పడటానికి పూర్తి విరుద్ధమైన పొరపాటు కూడా ఇళ్లలో జరుగుతుంటుంది. పంపింగ్ ముప్ఫైకి పడిందని తెలియగానే 'ఇంకేం చేస్తాం' అని ఇంటికి తీసుకెళ్లిపోతారు. వాల్వు సన్నబడిన గుండె అలసిపోయింది ఎదురొత్తిడి వల్ల. ఆ ఒత్తిడి తీసేస్తే చాలామందిలో పంపింగ్ మళ్లీ పెరుగుతుంది. ఇదే వాల్వు లీకవుతున్న గుండెకు అంత వెసులుబాటు ఉండదు, అది సాగిపోయాక తిరిగి ముడుచుకోవడం కష్టం. అందుకే లీకు ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఆలోచన యాభై దాకా ఆగకుండా 55 దగ్గరే మొదలుపెడతారు.