నాలుగిళ్ల దూరం

వీలునామా మాట ఎత్తితే మన ఇళ్లలో "అశుభం పలకకండి" అంటారు. నేను ఇవాళ ఆ అశుభమే పలకదలుచుకున్నాను. ఒక మంచి మనిషి వీలునామా వీగిపోవడానికి నేనే కారకుణ్ణి గనుక.

ఆయన మా వీధిలో నాలుగిళ్ల అవతల ఉండేవారు. రిటైరైన మేష్టారు. భార్య పోయాక పదేళ్లపాటు వండిపెట్టి, మందులిచ్చి, కనిపెట్టుకుని ఉన్నది కూతురు. కొడుకులిద్దరూ పైఊళ్లలో ఉద్యోగస్థులు. ఉన్నదల్లా ఒక్క పెంకుటిల్లు. "ఇది అమ్మాయికేనోయ్" అని అరుగుమీద ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఒకనాటి సాయంత్రం పనికుర్రాడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. అడుగున మేష్టారి సంతకం, పక్కన మరొక సాక్షి సంతకం ఉన్నాయి. "మిమ్మల్ని కూడా పెట్టమన్నారండీ" అన్నాడు. కాఫీ తాగుతున్నాను. లేవకుండానే సంతకం గీకి పంపించాను.

తరువాత ఆ సాక్షి పోయాడు. మేష్టారూ పోయారు. కొడుకులు ఆ వీలునామా చెల్లదన్నారు. బోనెక్కడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

"ఆయన సంతకం చేస్తుండగా మీరు చూశారా?" అన్నాడు ప్లీడరు.

చూశానంటే అమ్మాయికి ఇల్లు దక్కేది. ఆమె ఎదురుగా బెంచీమీద కూర్చుని ఉంది. కాని నేను ప్రమాణం చేసి ఉన్నాను.

"చూడలేదు" అన్నాను.

"అది తన సంతకమేనని ఆయన స్వయంగా మీతో చెప్పారా?"

"లేదు."

"పోనీ, మీరు ఆయన ఎదుట సంతకం చేశారా?"

"మా ఇంట్లో చేశాను."

1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షను అడిగేది సరిగ్గా ఈ మూడు ప్రశ్నలే. సాక్షులు ఇద్దరికి తక్కువ కాకూడదు. వ్రాసినవారు సంతకం చేస్తుంటే చూడాలి, లేదా అది తనదేనని ఆయన నోటనే వినాలి. తామూ ఆయన ఎదుటనే సంతకం చేయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయించినా అంతమాత్రాన అనుమానాలన్నీ తీరిపోవని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. వ్రాసినవారు లేచి వచ్చి చెప్పలేరు గదా, అందుకే కోర్టులకు ఇంత పట్టుదల.

వీలునామా చెల్లలేదు. ఇల్లు అమ్మి ముగ్గురూ సమానంగా పంచుకున్నారు. అద్దె ఇంటికి వెళ్లిపోతూ ఆమె చెప్పి వెళ్లడానికి వచ్చింది. "మీరు అబద్ధమాడలేదు, బాబాయిగారూ" అంది. అది మెచ్చుకోలో, నిష్ఠూరమో నాకు ఇప్పటికీ తెలియదు.

మిమ్మల్ని ఎవరైనా సాక్షి సంతకం అడిగితే లేచి వాళ్లింటికి వెళ్లండి. కాఫీ చల్లారితే మళ్లీ వెచ్చబెట్టుకోవచ్చు.