‘అతడు’ ఎవడు?

శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువులో వ్రాసిన యొక దస్తావేజున ఈ రెండు వాక్యము లున్నవనుకొందము: “రామయ్య సోమయ్యకు చెరువు క్రింది పొలమును విక్రయించెను. పిదప అతడు దానిని తాకట్టు పెట్టెను.” ఈ ‘అతడు’ ఎవడు? రచ్చబండపై కూర్చున్న ఏ రైతు నడిగినను, కొన్నవాడు సోమయ్య గనుక తాకట్టు పెట్టినవాడును సోమయ్యయే యనును.

ఈ ప్రశ్న నేడు గణనయంత్రముల యెదుటికి వచ్చినది. ఆంగ్ల తీర్పులను దేశభాషలలోనికి మార్చుటకై 2019లో సుప్రీంకోర్టు ‘సువాస్’ అను సాధనమును ప్రవేశపెట్టినది. కాన ఇది పండితుల వినోదము గాదు, ఆస్తిపాస్తుల విషయము.

1978లో అమెరికా విద్వాంసుడు జెర్రీ హాబ్స్ ఒక పద్ధతిని ప్రకటించెను. వెనుకటి వాక్యమును వృక్షముగ విడదీసి, పై కొమ్మనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి వెదకి, లింగవచనములు పొసగిన తొలి నామమును గైకొనుటయే దాని సారము. ఆ లెక్కను ‘అతడు’ రామయ్య యగును! అమ్ముకొన్నవానికి తాకట్టు హక్కు లేదను న్యాయము వాక్యనిర్మాణమున లేదు, లోకజ్ఞానమున నున్నది.

తెలుగున చిక్కు మరింత హెచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణమున వివరించినట్లు, ఏకవచనమున స్త్రీ, పశువు, జడవస్తువు మూడును అమహత్తులే. ‘వచ్చినది’ అని సాక్షి చెప్పినంతమాత్రమున వచ్చినది అత్తయో, ఆవో, బస్సో తెలియదు. ఆ సాక్ష్యమును ఆంగ్లము చేయు యంత్రము ఏదో యొకటి తేల్చుకొనక తప్పదు.

నేటి యంత్రములు అపారమైన గ్రంథరాశినుండి వాడుకను నేర్చి, పెక్కు తావుల సరిగనే చెప్పుచున్నవి. అయిన నేమి? రామయ్య అమ్మిన పొలమునే మరల మోసముతో తాకట్టు పెట్టియుండవచ్చును గదా! ఇట్టి వ్యాజ్యములు న్యాయస్థానములకు క్రొత్తవి గావు. దస్తావేజును సంగ్రహించుచు, వాడుకను బట్టి సోమయ్య పేరు చేర్చిన యంత్రము ఆ మోసమునే మాపివేయును. సందేహమున్నచోట యంత్రము సందేహమును చూపవలెను గాని, గుట్టుగా తీర్పు చెప్పరాదు.

ఇందులకు మన ప్రయత్నమును కావలెను. సర్వనామములకు గుర్తులు వేసిన ‘ఆంటోనోట్స్’ అను ప్రసిద్ధ గ్రంథరాశి 2013లో వెలువడినది. అందు ఆంగ్లము, చీనా, అరబ్బీ గలవు, తెలుగు లేదు. మన విశ్వవిద్యాలయములును న్యాయవాదులును చేయి కలిపి, కక్షిదారుల పేర్లు తొలగించిన పత్రములలో ‘ఇది’, ‘అది’, ‘అతడు’ దేనిని చూపునో గుర్తించి సర్వజనుల పాలు చేయవలెను. సీమ మాటయు, కోస్తా మాటయు అందు చోటు పొందవలెను. మన మాట దేనిని చూపుచున్నదో తేల్చు పని పరులకు విడిచితిమేని, మన పొలము ఎవనిదో తేల్చు పనియు వారిదే యగును.