మూసీ నిధులు అనంతగిరి దాకా వెళ్లాలి

సంపాదకులకు,

మూసీ ప్రక్షాళన అనగానే మాటలన్నీ గండిపేట దగ్గర మొదలై గౌరెల్లి దగ్గర ఆగిపోతున్నాయి. ఆ 55 కిలోమీటర్ల నగర భాగం చుట్టూ 2024లో లక్షన్నర కోట్ల రూపాయల లెక్క కూడా వినిపించింది. మురుగు శుద్ధి జరగాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మూసీ పుట్టేది వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో. ఆ గుట్టలకు, అక్కడి నుంచి దిగే వాగులకు ఇందులో దక్కేదెంత అని అడిగేవారే లేరు.

1908 సెప్టెంబరు వరదలో వేలమంది కొట్టుకుపోయాక, విశ్వేశ్వరయ్య సలహాతో నిజాం ప్రభుత్వం నగరానికి ఎగువన చూపు నిలిపింది. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1996లో వచ్చిన 111 జీవో ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలకు కళ్లెం వేసింది. అయితే భూమిని కాపాడమన్న ఆ జీవో, కాపాడే రైతుకు పైసా ఇవ్వలేదు. 2022లో దాని సడలింపుకూ ఉత్తర్వులు వచ్చాయి.

వాగు గట్టున ఏరుమద్ది, నేరేడు, కానుగ చెట్లుంటే వాటి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. నీడపట్టున నీరు చల్లగా ఉండి చేపపిల్లలు నిలుస్తాయి. లకుముకి పిట్ట ఆ మట్టి గట్టుకే బొరియ తవ్వి, దాని చివర గుడ్లు పెడుతుంది. గట్టును అంచు దాకా దున్నినా, రాళ్లు పరిచి సిమెంటు పూసినా ఆ పిట్టకు చోటుండదు. చెట్లు పోయిన గట్టు వానకు కోసుకుపోయి, ఆ మట్టంతా జలాశయం అడుగున పేరుకుంటుంది. ఆ తర్వాత పూడికతీతకు టెండర్లు పిలవాలి.

న్యూయార్క్ నగరం ఈ లెక్క ముందే వేసుకుంది. తాగునీటిని వడగట్టే ప్లాంటు కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైనే అవుతుందని తేలింది. దాని బదులు 1997 ఒప్పందం ప్రకారం క్యాట్‌స్కిల్ కొండల్లో సుమారు 150 కోట్ల డాలర్లతో భూములు కొనడం, వాగులను బాగుచేయడం మొదలుపెట్టింది. పశువులు నీళ్లలో దిగకుండా కంచె వేసి, గట్టున చెట్లు పెంచే రైతులకు అక్కడ డబ్బు ముడుతోంది.

మన దగ్గర డబ్బు లేక కాదు. అటవీ భూముల మళ్లింపునకు పరిహారంగా జమయ్యే కంపా నిధుల నుంచి 2019లో తెలంగాణకు రూ.3,110 కోట్లు వచ్చాయి. కృష్ణాతో సహా 13 నదులను అడవుల పెంపకంతో బతికించేందుకు రూ.19,342 కోట్ల ప్రణాళికను 2022లో కేంద్రం ప్రకటించింది. మూసీ కృష్ణకు ఉపనదే. వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి దాదాపు 2,900 ఎకరాల అడవిని ఇచ్చారు. ఆ నష్టానికి జమైన పరిహారమైనా మరో జిల్లాలో మొక్కలకు కాకుండా మూసీ, ఈసీ పరీవాహకంలోనే ఖర్చు కావాలి.

కాబట్టి మూసీకి ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో కనీసం పది ఎగువ వాగులకని బడ్జెట్‌లో విడిగా చూపించాలి. గట్టు వెంట చెట్లకు భూమి వదిలే రైతుకు ఏటా కౌలు కట్టాలి. నాటేవి నీలగిరి కాకుండా స్థానిక చెట్లే కావాలి, అవి నిలదొక్కుకునే దాకా కాపలాకు, నీళ్లకు సొమ్ము కేటాయించాలి. ఏ వాగుకు ఎంత ఇచ్చారో, ఎన్ని మొక్కలు బతికాయో గ్రామసభలో ఏటా చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్