తీర్మానాల పుస్తకంలో నా సంతకం

పోయిన నెల చింతకాయ తొక్కు గురించి రాసినప్పుడు ఒక సోదరి నాకు ఉత్తరం రాశారు. తొక్కు బాగా కుదిరిందని రెండు ముక్కలు రాసి, చివర్లో ఇంకో సంగతి అడిగారు. వాళ్ళ పాప సర్కారు బళ్ళో నాలుగో తరగతి. పొద్దున సీసా నిండా పోసిచ్చిన నీళ్ళు సాయంత్రం అలాగే తిరిగొస్తున్నాయట. ఇంటికి రాగానే సంచీ గడపలో పడేసి దొడ్డివైపు పరుగట. "దీనికేమైనా చిట్కా ఉంటే చెప్పండి" అన్నారు.

ఆ ఉత్తరం చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇదివరకు మా ఇంట్లో జరిగిందీ అచ్చం ఇదే మరి. సోదరీ, దీనికి చిట్కా వంటింట్లో లేదు, బళ్ళో ఉంది. అదేమిటో చెప్పాలంటే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి.

మాది కృష్ణా జిల్లాలో కాలువ పక్కన చిన్న ఊరు. ఊళ్ళో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. మా అత్తగారు దాన్ని ఇప్పటికీ "సమితి బడి" అనే అంటారు. 1985లో మండలాలు రాకముందు పంచాయతీ సమితులు ఉండేవి కదా, ఆ అలవాటు పోలేదు. అయిదు తరగతులు, 41 మంది పిల్లలు, ఇద్దరు మాస్టర్లు. మా చిన్నమ్మాయి అక్కడే చదివింది.

2024 ఆగస్టులో బడి కమిటీ ఎన్నికలు జరిగాయి. మా పాప మూడో తరగతి. "మీరు ఇంటర్ చదివారుగా వదినా, మీరే ఉండండి" అని అందరూ చెయ్యెత్తేసరికి నేనూ కాదనలేకపోయాను. ఇంటికొచ్చి మావారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత సంక్రాంతి సెలవుల ముందు పాపకి జ్వరం వచ్చింది. ఒంటేలుకి వెళ్ళినప్పుడల్లా మంటని ఏడుపు. మండలం డాక్టరమ్మ చూసి, "యూరిన్ ఇన్‌ఫెక్షన్. పిల్ల నీళ్ళు తాగడం లేదా?" అని నన్నే కోప్పడింది. నేను సీసా నింపే పంపిస్తున్నానండీ అన్నాను. అప్పుడు పాప నా కొంగు పట్టుకుని మెల్లిగా చెప్పింది. "బళ్ళో దొడ్డికి గడియ లేదమ్మా. కుళాయిలో నీళ్ళు రావు. మంచినీళ్ళు తాగితే వెళ్ళాల్సొస్తుందని మేమెవరం తాగం." విన్నారుగా! 'మేమెవరం' అంది. ఒక్క మా పిల్ల కాదు, ఆడపిల్లలందరూ అంతేనన్నమాట.

మర్నాడు కొంగు బిగించి బడికి వెళ్ళాను. నోటికొచ్చినట్టు అడిగేశాను. హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. బీరువా తీసి మినిట్స్ బుక్కు నా ముందు పెట్టారు. అందులో ఏముందంటే, బాలికల మరుగుదొడ్డి తలుపు, కుళాయి బాగుచేయించినట్లు కమిటీ ఆమోదించిందని తీర్మానం. కింద సంతకాలు. వాటిలో నాదీ ఉంది! పక్కనే పసుపు మరక.

ఆ మరక చూడగానే అంతా గుర్తొచ్చింది. ఆవేళ పొయ్యి మీద పప్పుకి తిరగమోత పెడుతున్నాను. బడి ఆయా పుస్తకం పట్టుకొచ్చి, "సారు సంతకం పెట్టమన్నారమ్మా" అంది. ఆవాలు మాడిపోతాయన్న తొందరలో ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేశాను. కొట్లో ఉప్పుప్యాకెట్టు కొంటే తేదీ చూసి కొనేదాన్ని, ఆ కాగితం మాత్రం చదవలేదు.

మాస్టారు కూడా దాచుకోలేదు. "తప్పేనమ్మా. మేస్త్రి రేపొస్తానన్నాడు, బిల్లు ఆ నెలలోనే పంపాలి. పని అయిపోతుందిలే అని రాసేశాను. మేస్త్రి మళ్ళీ రాలేదు" అన్నారు. రెండో మాస్టారు ట్రైనింగుకి పోయారు. ఈయనొక్కరే అయిదు తరగతులూ చూసుకుంటూ, ఫోన్లో హాజరు ఎక్కించి, గుడ్లు లెక్కపెట్టి, ఫోటోలు తీసి పంపాలి. ఆయన మీద కోపం సగం అక్కడే చల్లారింది. మిగతా సగం నా మీదికే తిరిగింది.

ఆ వారంలోనే కమిటీ ఆడవాళ్ళం కూర్చున్నాం. మా ఊరి మేస్త్రినే పిలిచి దగ్గరుండి చేయించాం. గడియకీ, కుళాయికీ, కూలికీ కలిపి రెండు వేలు దాటలేదు. ఇంత చిన్నదానికి మా పిల్ల పది రోజులు మందులు మింగింది.

ఆ దెబ్బతో అసలు ఈ బడి ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మీకూ చెబుతాను. కష్టమేమీ కాదు, చీటీ పాట లెక్క తెలిసినవాళ్ళకి ఇదెంత!

బడికి పెద్ద హెడ్మాస్టరు. ఆయన పైన మండలానికి ఎమ్.ఇ.ఓ., ఆ పైన డిప్యూటీ డి.ఇ.ఓ., జిల్లాకి డి.ఇ.ఓ., అందరి పైన రాష్ట్ర విద్యాశాఖ. మాస్టర్లని డి.ఎస్.సి. ద్వారా ప్రభుత్వం తీసుకుంటుంది. జీతాలు ఖజానా నుంచి వస్తాయి. అందులో మన ఊరి చెయ్యేమీ లేదు. అందుకే 'మనకెందుకులే' అనిపిస్తుంది.

అయితే 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని అందులో రాసి ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. అయిదు తరగతులకి పదిహేను మంది. హెడ్మాస్టరు కన్వీనరు. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం, రాబోయే రోజులకి ప్రణాళిక రాయటం కమిటీ పని. సంతకాలు పెట్టడమొక్కటే పని అని చట్టంలో ఎక్కడా లేదండోయ్!

తెలంగాణ సోదరీమణులకి ఇంకో వీలుంది. అక్కడ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న రిపేర్లు వాళ్ళ చేతుల మీదుగా చేయించేందుకే ఆ కమిటీలు.

ఇక డబ్బు సంగతి. సమగ్ర శిక్ష లెక్కలో బడికి ఏటా గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది లోపయితే 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000. చాక్‌పీసులు, చీపుళ్ళు, కరెంటు బిల్లు, రిపేర్లు అన్నీ అందులోనే. కనీసం పదో వంతు శుభ్రతకే పెట్టాలి. మా బడి 41 మందికి 25,000 లెక్క. అంటే శుభ్రతకి 2,500. మా గడియా కుళాయీ అందులోనే వచ్చేవి!

ఇంకోటి గమనించారా? మా ఊళ్ళో పదకొండు మంది పిల్లలు ప్రైవేటు స్కూలు బస్సెక్కారనుకోండి, మిగిలేది 30. గ్రాంటు ఒక్కసారిగా 15,000 పడిపోతుంది. బడి బాగాలేదని పిల్లల్ని మానిపిస్తాం, మానిపించాం గనక బడికి డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గింది గనక బడి ఇంకా పాడవుతుంది. మాస్టర్ల పోస్టులూ అంతే, పిల్లల లెక్కని బట్టే సర్దుతారు. పిల్లలందర్నీ సర్కారు బడికే పంపమని నేననను, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. మానిపించే ముందు ఒక్కసారి కమిటీలో గట్టిగా అడగండి అంటాను.

భోజనం సంగతి మనకి చెప్పేవాళ్ళెవరు! మన రాష్ట్రంలో బళ్ళో వండి పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. 2024లో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకి అర్ధరాత్రయినా వండి పెట్టిన తల్లి పేరు. కేంద్రం కొలత ప్రకారం ప్రాథమిక బడి పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. దీనికి మన రాష్ట్రంలో గుడ్డు అదనం. 41 మందీ వస్తే బియ్యం 4 కిలోల 100 గ్రాములు, పప్పు 820 గ్రాములు, కూరగాయలు 2 కిలోల పైన, నూనె 205 గ్రాములు. ఈ లెక్క ఒక చీటీ మీద రాసుకుని ఒకరోజు వంట వేళకి వెళ్ళి చూడండి. గిన్నెలో సాంబారు చూస్తే పప్పెంత పడిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

వెళ్ళినప్పుడు వంటావిడ మీద విరుచుకుపడకండేం! బిల్లులు ఆలస్యమైతే ఆవిడే కొట్లో అరువు తెచ్చి వండుతుంది. 2019లో పెంచితేనే ఆవిడ గౌరవవేతనం నెలకి 3,000 అయింది. సాంబారు పల్చనైతే ముందు "బిల్లు వచ్చిందా అక్కా?" అని అడగండి. రాకపోతే ఆ సంగతే కమిటీలో రాయించండి.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో ఒక పల్లెటూరి వైపు ఉంటుంది. ఫోన్లో ఈ గొడవంతా చెబితే, అక్కడి పద్ధతి చెప్పింది. నాలుగు ఊళ్ళ బళ్ళు కలిపి ఒక 'స్కూల్ డిస్ట్రిక్ట్' అంటారట. చాలాచోట్ల ఊరివాళ్ళే ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు, ఆ బోర్డే పైన సూపరింటెండెంటుని పెట్టుకుంటుంది. ఇళ్ళ మీద, భూముల మీద కట్టే పన్నులో కొంత ఆ బళ్ళకే పోతుంది. "మా డబ్బు కదత్తయ్యా, అందుకే మీటింగుకి వచ్చి లెక్కలడుగుతారు" అంది.

మరి మనది మన డబ్బు కాదా? 2025 జూన్‌లో 'తల్లికి వందనం' ఇచ్చినప్పుడు 15,000లో 2,000 బళ్ళ నిర్వహణకని మినహాయించి తల్లుల ఖాతాలో 13,000 వేశారు. అంతకుముందు 'అమ్మ ఒడి' రోజుల్లోనూ మరుగుదొడ్ల నిర్వహణకని కొంత తీశారు. తల్లి పేరున ఇచ్చిన డబ్బులోంచి బడి దొడ్డికి ఇచ్చాక, ఆ దొడ్డికి గడియ ఉందో లేదో చూసే హక్కు తల్లికి కాక ఎవరికుంటుంది చెప్పండి?

కమిటీలో ఉన్నా లేకపోయినా ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

ఒకటి: మినిట్స్ బుక్కు ఇంటికొస్తే సంతకం పెట్టకండి. "మీటింగులో పెడతాను" అని మర్యాదగా తిప్పి పంపండి. చదువు రాని సభ్యురాలుంటే గట్టిగా చదివి వినిపించమనండి.

రెండు: 'బాగుచేయించినట్లు' అని రాసి ఉంటే ముందు వెళ్ళి చూసి రండి. గడియ వేసి తీయండి, కుళాయి తిప్పండి.

మూడు: పై ఆఫీసుకి అర్జీ ఇస్తే రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకదాని మీద స్టాంపు వేయించుకుని దాచుకోండి.

నాలుగు: మీ పిల్ల నీళ్ళసీసా రోజూ చూడండి. నిండుగా తిరిగొస్తే కోప్పడకుండా ఎందుకని అడగండి.

ఉత్తరం రాసిన సోదరీ, రేపు పాపని దింపడానికి వెళ్ళినప్పుడు ఆడపిల్లల దొడ్డివైపు ఒకసారి వెళ్ళి చూడండి. తర్వాత పక్కింటి పిన్నిగారినో, ఎదురింటి అక్కయ్యనో వెంటబెట్టుకుని మాస్టారిని కలవండి. నాలాగా అరవకండి, పుస్తకం చూపించమని అడగండి చాలు.

నేనైతే ఇప్పుడు పుస్తకం వచ్చిందంటే ముందు స్టవ్ ఆపి, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుంటాను. ఆయా నవ్వుతుంది. నవ్వనీండి. మా పాప సీసా మాత్రం ఖాళీగా తిరిగొస్తోంది.

వచ్చే వారం ఉసిరికాయ పచ్చడితో కలుద్దాం. ఈలోగా మీ ఊరి బడి కబుర్లు రాస్తారు కదూ?