ఈ వంద వేరు, ఆ వంద వేరు

పోయిన నెల ఒక శనివారం పాలకుర్తిలో బస్సు దిగేసరికి చిన్నాయన బస్టాండ్‌లోనే నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలలో చుట్టిన పాత హార్డ్ డిస్క్. "మెల్లగ పట్టుకోరా, మీ అక్క పెండ్లి ఉన్నదండ్ల" అన్నాడు.

చిన్నాయనకు ఒకప్పుడు ఊళ్లో ఫొటో స్టూడియో ఉండేది. 2008లో అక్క పెళ్లి వీడియో ఆయనే తీశాడు. ఇంట్లో ఉన్న సీడీలు గీతలు పడి ఎప్పుడో పాడయ్యాయి. మిగిలింది స్టూడియో కంప్యూటర్‌లోంచి తీసిన ఈ 80 జీబీ డిస్కే. అందులో మా నాయినమ్మ పాడిన అప్పగింతల పాట ఉంది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు. డల్లాస్‌లో ఉన్న అక్క "నా బిడ్డకు ఒక్కసారి వినిపియ్యాలెరా" అని ఏడాదిగా అడుగుతోంది.

డిస్క్ పాత ఐడీఈ రకం. వెనకాల 40 పిన్నుల వెడల్పాటి సాకెట్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అది పెట్టే చోటే లేదు. అందుకే సికింద్రాబాద్ సీటీసీలో ఒక యూఎస్‌బీ కన్వర్టర్ కొనుక్కొచ్చాను. కరెంటు ఇవ్వగానే డిస్క్ తిరిగింది, కానీ మధ్యమధ్యలో టిక్... టిక్ అని చప్పుడు. ఆ చప్పుడు విన్నామంటే డిస్క్‌కు ఎక్కువ టైమ్ లేదని అర్థం.

పెళ్లి ఫోల్డర్ సైజు 18 జీబీ. చిన్నాయన అప్పటికే లెక్క కట్టేశాడు. "మన ఫైబర్ నెట్ స్పీడు వంద. డిస్క్ మీద కూడ వందనే రాసుంది. అంటే రెండు సమానమే. సీదా అక్కకే పంపియ్, మూడు నిమిషాల్ల అయిపోతది."

18,000ని 100తో భాగిస్తే 180 సెకన్లు. భాగహారం కరెక్టే. తప్పు ఆ వందల్లో ఉంది.

డిస్క్ మీద రాసింది 'ఏటీఏ 100'. అంటే సెకనుకు 100 మెగాబైట్లు. నెట్ ప్లాన్‌లో ఉన్న వంద మాత్రం మెగాబిట్లు. ఇంగ్లిష్‌లో అయితే పెద్ద 'బి', చిన్న 'బి' తేడా కనిపిస్తుంది. మన నోట్లో రెండూ 'ఎంబీ'లే. ఒక బైట్‌కు 8 బిట్లు. కాబట్టి నెట్ వందను 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. అంటే 18 జీబీకి మూడు నిమిషాలు కాదు, 24 నిమిషాలు.

మరి డిస్క్ వంద నిజమేనా? అది కేబుల్ మోయగలిగిన గరిష్ఠ వేగం. లోపల తిరిగే పళ్లెం అంత ఇవ్వలేదు. పైగా మధ్యలో నా కన్వర్టర్ యూఎస్‌బీ 2.0. దాని 480 కూడా మెగాబిట్లే, అంటే కాగితం మీద 60 మెగాబైట్లు. చేతికొచ్చేది ముప్పై, ముప్పై అయిదు. మా ముసలి డిస్క్ 25 ఇచ్చింది. ఆ లెక్కన 18 జీబీ కాపీకి 12 నిమిషాలు.

అసలు విషయం ఇక్కడే ఉంది. దారిలో ఏది నెమ్మదైతే మొత్తం పని దాని వేగంతోనే నడుస్తుంది. నేరుగా నెట్‌లో పంపిస్తే, నెట్ కోసం ఆ డిస్క్ 24 నిమిషాలు తిరుగుతూ ఉండాలి. ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే 12 నిమిషాలు చాలు. చివరి దశలో ఉన్న డిస్క్‌కు ఆ సగం టైమే ప్రాణం.

ముందు కాపీ పెట్టాను. పదమూడో నిమిషంలో పెళ్లి ఫోల్డర్ మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత మిగతా ఫోల్డర్లు మొదలుపెట్టాం. అవన్నీ ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు. ఇంకో ఇరవై నిమిషాలకు డిస్క్ ఆగిపోయింది, మళ్లీ తిరగలేదు. రెండు పెళ్లిళ్లు అందులోనే ఉండిపోయాయి. నేరుగా పంపి ఉంటే అక్కది ఒక్కటే దక్కేది. మధ్యలో వచ్చిన మిగతావి కూడా పోయేవి.

ఇంట్లో లెక్క వేసుకోవాలంటే ఇవి గుర్తుపెట్టుకోండి. నెట్ వాళ్లు చెప్పే అంకెను 8తో భాగించండి. సాటా డిస్క్ అయితే 10తో, ఎందుకంటే అది ప్రతి 8 బిట్లను 10గా మార్చి పంపుతుంది. అందుకే సాటా 1.5 గిగాబిట్లు అంటే 150 మెగాబైట్లు. పాత సీడీ డ్రైవ్ మీద 52 ఎక్స్ అని ఉంటే 150 కిలోబైట్లను 52తో గుణించండి. దాదాపు 7.8 మెగాబైట్లు, అంటే 62 మెగాబిట్ల నెట్‌తో సమానం.

రాత్రి వీడియో డల్లాస్ చేరింది. ఫోన్‌లో అక్క ఏం మాట్లాడలేదు, వెనక పాట మాత్రం వినిపిస్తోంది. చిన్నాయన కాసేపు విని, "ఆ రెండిండ్లకు పొద్దుగాల నేనే పోయొస్త. వాళ్ల దగ్గర సీడీలు ఉన్నయేమో అడగాలె" అన్నాడు.

మీ ఇంట్లో బీరువా మీద కూడా ఇలాంటి డిస్క్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దించండి. ముందు కాపీ, తర్వాతే అప్‌లోడ్.